క్లాసు రికార్డింగుకి వేసిన తాళం ఎవరి మీద పడుతోంది?

పోస్టు కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిక దొరికినప్పుడు చదవండి. ముఖ్యంగా ఎంబీబీఎస్, నర్సింగ్, బీటెక్, లా లాంటి కోర్సుల్లో ఉన్నవాళ్లు చదివి మీ సంగతి కూడా రాయండి.

పోయిన వారం ఎంబీబీఎస్ ఫస్టియర్ చెల్లెలు ఒకామె ఇక్కడ ఒక ప్రశ్న పెట్టింది. వాళ్ల కాలేజీలో లెక్చర్లు రికార్డు చేస్తారు. కానీ ఆ వీడియో ఆ రోజు అటెండెన్స్ పడినవాళ్ల లాగిన్‌లోనే తెరుచుకుంటుంది. అదీ వారం రోజులే. డౌన్‌లోడ్ ఉండదు. "మీ కాలేజీల్లో కూడా ఇంతేనా?" అని అడిగింది. కింద వచ్చిన కామెంట్లలో ఎక్కువ లైకులు పడింది మన సీనియర్ అన్న ఒకాయన కామెంటుకి. "క్లాసుకెళ్లి బుద్ధిగా కూర్చుంటే రికార్డింగుతో పనేముందమ్మా? మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా, మేం చదువుకోలేదా?" అన్నారు.

అన్న మీద గౌరవం ఉంది. ఆయన చదివిన రోజుల్లో ఏజెన్సీ నుంచి మెడిసిన్ సీటు దాకా రావడమే పెద్ద సంగతి. కానీ ఆ మాటని నేను ఒప్పుకోను. లైకులు అన్ని పడ్డాయి కాబట్టి కామెంటులో రెండు ముక్కలు రాసి ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. రికార్డింగు ఎగ్గొట్టినవాడి కోసం అన్న ఊహ దగ్గరే అసలు తప్పు మొదలవుతోంది. మన పిల్లల్లో రికార్డింగు ఎక్కువగా వాడేది క్లాసుకి వెళ్లినవాళ్లే. ముందు బెంచీలో కూర్చుని, సార్ మొహంలోకి చూస్తూ, నోట్సు రాసుకుంటూ, అయినా సగం అర్థం కాక సాయంత్రం హాస్టల్‌కి వచ్చి మళ్లీ వినేవాళ్లు.

మన దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో కువి, లేకపోతే కోయ, గోండి, సవర, ఆదివాసీ ఒడియా. ఆశ్రమ పాఠశాలలో తెలుగు. ఇంటర్‌కి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషులో, పాఠం తెలుగులో. ఆ తరవాత ఒక్కసారిగా మెడికల్ కాలేజీ. అక్కడ అనాటమీ మేడమ్ గంటసేపు ఇంగ్లీషులోనే చెప్తారు, ఆ ఇంగ్లీషులో సగం లాటిన్ మాటలు. బ్రేకియల్ ప్లెక్సస్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు, అది నరాల అల్లిక అని గ్రహించేలోపు మేడమ్ నాలుగు కొమ్మలు దాటిపోయి ఉంటారు. కార్పొరేట్ కాలేజీలో ఇంగ్లీషు మీడియం చదివి వచ్చిన పిల్లాడికి అక్కడ ఒకే బరువు, సబ్జెక్టు. మనవాళ్లకి రెండు బరువులు, భాషా, సబ్జెక్టూ. అందుకే రాత్రి రికార్డింగు పెట్టుకుని, ఆపి, వెనక్కి జరిపి, స్పెల్లింగు పట్టుకుని, మళ్లీ వినడాన్ని నేను రెండోసారి వినడం అనను. చాలామందికి పాఠం నిజంగా చెవిలో పడేది అప్పుడే.

మా జూనియర్ ఒకడు ఉండేవాడు. క్లాసులో డౌట్ అడగమంటే లేచేవాడు కాదు. తెలివి తక్కువై కాదు. ప్రశ్న ఇంగ్లీషులో కూర్చుకునేసరికి సార్ తరవాతి స్లైడ్‌లో ఉండేవారు. వాడు చేసే పని ఏమిటంటే, రికార్డింగులో నిమిషం, సెకను నోట్ చేసుకుని, "23 నిమిషాల దగ్గర సార్ అన్న మాట ఏటన్నా?" అని రాత్రి మా రూముకి వచ్చి అడిగేవాడు. క్లాసులో నోరు మెదపనివాడు రోజుకి ఐదారు డౌట్లు తెచ్చేవాడు. ఇలాంటివాడి దగ్గర్నుంచి రికార్డింగు తీసేస్తే అటెండెన్స్ పెరగదు, ఆ డౌట్లు ఆగిపోతాయి. అంతే.

ఇప్పుడు తాళాల సంగతి. కాలేజీని బట్టి రకరకాలుగా ఉన్నాయి, నేను విన్నవాటిలో మనకి గట్టిగా తగిలేవి చెప్తాను.

మొదటిది అటెండెన్స్ తాళం. క్లాసుకి వచ్చినవాళ్లకే వీడియో. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రానివాళ్లు ఎందుకు రాలేదో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. దానికి బంక్ కొట్టి సినిమాకి పోయినవాడూ, మలేరియా వచ్చి ఇంట్లో పడుకున్నవాడూ ఒకటే. వానాకాలంలో ఊరికెళ్లి, గెడ్డ పొంగి రెండు రోజులు ఇవతలికి రాలేకపోయిన పిల్లా ఒకటే. కేస్లాపూర్‌లో నాగోబా జాతర పుష్యమాసం అమావాస్యకి జరుగుతుంది, మెస్రం ఇంటి పిల్లలు వెళ్లి తీరాలి. అది అకడమిక్ క్యాలెండర్‌లో ఉండదు. మన్యంలో ఇటుకల పండగా ఉండదు. దసరాకి, సంక్రాంతికి కాలేజీయే మూసేస్తారు కాబట్టి ఆ పండగలకి వెళ్లినవాళ్లకి ఏ రికార్డింగూ పోదు.

ఇందులో నన్ను బాగా బాధపెట్టేది సికిల్ సెల్ ఉన్న పిల్లల సంగతి. మన ఆదివాసీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఎంత ఉందో చెప్పక్కర్లేదు. 2023 జులై 1న కేంద్రం దీని మీద జాతీయ మిషనే మొదలుపెట్టింది, 2047కల్లా లేకుండా చేస్తామని. నొప్పి ఎప్పుడొస్తుందో చెప్పలేం, వస్తే రోజుల తరబడి మంచం మీదే. హిమోగ్లోబిన్ ఎస్ గురించి ఫస్టియర్ బయోకెమిస్ట్రీలోనే చెప్తారు. ఆ పాఠం జరిగే రోజు అదే జబ్బు నొప్పితో వార్డులో పడుకున్న పిల్ల ఒకత్తె ఉందనుకోండి. డిశ్చార్జి అయ్యి వచ్చి లాగిన్ అయితే ఆ వీడియో మీద తాళం బొమ్మ. కాలేజీవాళ్లు కావాలని చేసింది కాదు, నిజమే. కానీ ఎవరికి రికార్డింగు అన్నిటికంటే ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్లకే మూసేసే రూలు అది.

మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే తెరుస్తాం అంటారు. ఇస్తాం. కానీ ఆ సర్టిఫికెట్ పీహెచ్‌సీలో రాయించుకుని, హెచ్ఓడీ సంతకం పెట్టించి, అకడమిక్ సెక్షన్‌లో ఇచ్చి, ఐటీ అతను సీట్లో ఉన్న రోజు చూసి తెరిపించుకునేలోపు ఆ వారం గడువు దాటిపోతుంది. ఇలా తిరిగినవాళ్లకే తెలుసు.

రెండోది గడువు తాళం. వారానికో, పది రోజులకో వీడియో మాయం. దీన్ని ఎవరో ఆలోచించి పెట్టిన రూలు అనుకుంటాం. చాలా చోట్ల ఎవరూ ఆలోచించలేదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో రికార్డింగు 120 రోజులకి తనంతట తనే గడువు దాటిపోయేలా ముందే సెట్ చేసి ఉంటుంది, కాలేజీ అడ్మిన్ మార్చుకోవచ్చు. గూగుల్ వాళ్లు విద్యాసంస్థలకి ఇచ్చిన హద్దులేని ఉచిత స్టోరేజీని 2022లో ఆపేసి, సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు అన్నారు. ఎక్కడో అమెరికాలో కంపెనీ తన ఖర్చు చూసుకుని పెట్టిన సెట్టింగు, ఇక్కడ పాడేరు పిల్ల రివిజన్‌కి అడ్డం పడుతోంది. ఇది తెలిస్తే మనకే లాభం. ప్రిన్సిపాల్ గారితో కొట్లాడాల్సిన పని లేదు, "సార్, ఇది సెట్టింగు మాత్రమే, మార్చమని చెప్పండి" అని అడిగితే సరిపోయే చోట్లు ఉన్నాయి.

మూడోది బ్యాచ్ తాళం. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఇది పడేది ఫెయిలైనవాళ్ల మీద, ఫెయిలైనవాళ్లు గ్రూపుల్లో పోస్టులు పెట్టరు. ఏడాది అవ్వగానే ఆ బ్యాచ్ ఫోల్డర్ మూసేసి, కొత్త బ్యాచ్‌కి కొత్తది తెరుస్తారు. పాసైనవాళ్లకి నష్టం లేదు, వాళ్లు సెకండియర్‌కి వెళ్లిపోయారు. సప్లీ రాయాల్సినవాడి సంగతేంటి? కొత్త బ్యాచ్ లిస్టులో వాడి పేరుండదు. పాత బ్యాచ్ ఫోల్డర్ లేదు. అంటే పరీక్ష మిగిలింది, పాఠం పోయింది.

ఇది ఎంత పెద్ద విషయమో ఎంబీబీఎస్ లెక్కలో చూడండి. జాతీయ మెడికల్ కమిషన్ 2023లో తెచ్చిన రూల్సు ప్రకారం ఫస్టియర్ పాసవడానికి నాలుగు ఛాన్సులే. కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో పూర్తవ్వాలి. నాలుగో ఛాన్సు కూడా పోతే సీటే పోతుంది. మన కుటుంబాల్లో ఆ సీటు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊరు ఊరంతా "మన డాక్టరు" అని పిలుస్తున్న పిల్లాడు. అలాంటివాడు మొదటి ఛాన్సులో ఫిజియాలజీ పోగొట్టుకుని, రెండో ఛాన్సుకి చదువుతుంటే, అప్పుడే కదా రికార్డింగు కావాల్సింది? సరిగ్గా అప్పుడే లేదు. పక్క రూములో ఉన్న డబ్బున్న పిల్లాడికి అదే సప్లీ వస్తే వేలకి వేలు కట్టి కోచింగ్ యాప్ కొనుక్కుంటాడు, అందులో మంచి మంచి ప్రొఫెసర్ల వీడియోలు ఉంటాయి. కాలేజీ వీడియోకి తాళం వేస్తే వాడికేం కాదు. కాలేజీ వీడియో తప్ప ఇంకేమీ లేనివాడికే దెబ్బ.

ఇక ఫీజు తాళం. రీయింబర్స్‌మెంట్ డబ్బులు సర్కారు నుంచి ఆలస్యంగా రావడం మనకి కొత్త కాదు. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఆ బకాయి పిల్లల పేరు మీద చూపించి, పోర్టల్ లాగిన్ ఆపేస్తారు. పోర్టల్ ఆగితే మార్కులూ ఆగుతాయి, నోట్సూ ఆగుతుంది, రికార్డింగులూ ఆగుతాయి. ప్రభుత్వం కట్టాల్సిన డబ్బుకి పిల్లల చదువు తాకట్టు పెట్టినట్టు. దీని గురించి ఎక్కువ రాయను, ఫీజుల మీద ఇదివరకే ఇక్కడ మంచి పోస్టులు వచ్చాయి.

ఇప్పుడు అవతలివాళ్ల వాదన కూడా న్యాయంగా చూడాలి. ప్రొఫెసర్లు చెప్పేది ఏమిటంటే, రికార్డింగు బారుగా తెరిచి పెడితే క్లాసులు ఖాళీ అవుతాయి, మెడిసిన్ వీడియోలు చూసి నేర్చుకునేది కాదు అని. రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం. కడుపు మీద చెయ్యి పెట్టి లివర్ అంచు పట్టుకోవడం, పిల్లల ఏడుపులో గుండె చప్పుడు వినడం, ఇవి ఏ వీడియోలోనూ రావు. ప్రాక్టికల్స్‌కి 80 శాతం, థియరీకి 75 శాతం హాజరు ఉండాలన్న రూలుని నేను తప్పు పట్టను. లా వాళ్లకి బార్ కౌన్సిల్ పెట్టింది 70 శాతం. సరే, ఉండనివ్వండి.

కానీ హాజరు కోసం హాజరు రిజిస్టరు ఉంది కదా. 75 తగ్గితే పరీక్ష రాయనివ్వరు, అంతకంటే పెద్ద శిక్ష ఏముంది? దాని మీద మళ్లీ వీడియో తాళం ఎందుకు? 75 శాతం అంటేనే మిగతా 25 శాతం మనిషికి జబ్బులూ, చావులూ, పెళ్లిళ్లూ ఉంటాయని ఆ రూలు రాసినవాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ 25 శాతంలో పోయిన పాఠాన్ని వినకుండా చెయ్యడం ఏ రూలులోనూ లేదు. క్లాసు ఖాళీ అవుతోందంటే రికార్డింగు ఒక్కటే కారణం అనుకోవడం కూడా తేలిక మాటే. పీపీటీ చూసి చదివేసి వెళ్లిపోయే క్లాసు రికార్డింగు లేని రోజుల్లోనూ ఖాళీగానే ఉండేది. (మన అన్నకి ఈ విషయం బాగా తెలుసనుకుంటాను.)

ఇంకో మాట, రికార్డింగు మా సొత్తు, బయటికి పోతుంది అని. అందుకే డౌన్‌లోడ్ ఆపేస్తారు. దీని మీద ఒక పాత కేసు గుర్తు చేస్తాను. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక చిన్న జిరాక్స్ షాపు పుస్తకాల్లోంచి పేజీలు తీసి పిల్లలకి కోర్సు ప్యాకులు కట్టి ఇచ్చేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి లాంటి పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో కోర్టుకెళ్లాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు పిల్లల వైపే నిలబడింది. బోధనలో భాగంగా కాపీ చేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలోనే, 52వ సెక్షన్‌లో, చోటు ఉందని చెప్పింది. ఆ కేసు పుస్తకాల గురించి, లెక్చర్ రికార్డింగుల గురించి కాదు. కాబట్టి రేపు వెళ్లి "కోర్టు చెప్పింది" అని వాదించకండి. చదువుకునేవాడు కాపీ చేసుకుంటే దాన్ని దొంగతనం లెక్కన చూడకూడదన్న ఆలోచన మన దేశంలో ఉంది అని చెప్పడానికి రాశాను. అలాగే 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఫహీమా షిరీన్ అనే కోళిక్కోడ్ హాస్టల్ అమ్మాయి కేసులో, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమే అంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్న రూలుకి ఎదురు తిరిగినందుకు ఆమెని హాస్టల్ నుంచి పంపించేశారు. కోర్టు మళ్లీ చేర్చుకోమంది. మన ఆడపిల్లల హాస్టళ్లలో వార్డెన్లు ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి, వాళ్లు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఎన్‌పీటెల్. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. దేశంలో కెల్లా కష్టమైన సీట్లున్న ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు యూట్యూబులో ఎవరికైనా ఉచితం. అటెండెన్స్ అడగరు, ఏ బ్యాచ్ అని అడగరు. ఐఐటీ పాఠం అరకులో కూర్చున్నవాడికి తెరిచి ఉంటే, మనం సీటు తెచ్చుకుని చేరిన కాలేజీ పాఠం మనకే మూసి ఉండటం ఏం లెక్క?

అలాగని అన్నీ తెరిచెయ్యమని నేను అనట్లేదు. ఇక్కడ మనవాళ్లలో కొందరు నాతో ఒప్పుకోకపోవచ్చు. రోగిని చూపిస్తూ చెప్పే క్లినికల్ క్లాసు రికార్డింగుకి తాళం ఉండాల్సిందే. అటెండెన్స్ ఉన్నా సరే, డౌన్‌లోడ్ ఉండకూడదు. ఎందుకంటే ఆ మంచం మీద ఉన్నది ఎవరు? కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి వార్డుల్లోకి కొండ దిగి వచ్చేది మనవాళ్లే. డోలీ మీద రోడ్డు దాకా, అక్కణ్నుంచి అంబులెన్సులో. చుట్టూ ఇరవై మంది స్టూడెంట్లు నిలబడి, ఒకరు ఫోన్ పట్టుకుని ఉంటే, "తియ్యొద్దు బాబూ" అని చెప్పగలిగే తెలుగు కూడా ఆ ముసలావిడకి రాకపోవచ్చు. ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగితే అది మన అమ్మమ్మ వీడియో. డిసెక్షన్ హాలు కూడా అంతే. చదువు కోసం దేహం ఇచ్చినవాళ్లు మనకి గురువుల లెక్క, వాళ్ల వీడియో ఫోన్లలో తిరగకూడదు.

నా అభిప్రాయం ఇక్కడే ఉంది. తాళం వెయ్యాలా వద్దా అన్నది ఆ రికార్డింగులో ఏముందో చూసి తేల్చాలి. రోగి ఉన్నాడా, దేహం ఉందా, ఎవరి సొంత సంగతైనా ఉందా? ఉంటే గట్టి తాళం, అందరికీ ఒకటే తాళం. లేకపోతే, అంటే ఉత్త బోర్డూ స్లైడూ పాఠమైతే, కోర్సులో పేరున్న ప్రతివాడికీ పాసయ్యేదాకా తెరిచి ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగేసి. బోర్డు పాఠానికి అటెండెన్స్, బ్యాచ్, ఫీజు అని మూడు తాళాలు. వార్డులో రోగిని మాత్రం ఎవడి ఫోన్లో వాడు తీసుకుంటున్నాడు, అడిగేవాడు లేడు.

టీచర్ల భయం ఒకటి ఉంది, అది కూడా నిజమైనదే. క్లాసులో నోరుజారిన ఒక్క మాట కత్తిరించి, పాట కలిపి, రీల్ చేసేవాళ్లు ఉన్నారు. అలాంటిది ఒక్కటి బయటికి వస్తే ఆ సార్ ఇక జన్మలో రికార్డు చెయ్యనివ్వరు. మనవాళ్లు ఎవరూ ఆ పని చెయ్యకూడదు, చేసినవాణ్ని మనమే ఆపాలి. రికార్డింగు అడిగే హక్కు నిలబడాలంటే సార్ నమ్మకం నిలబడాలి. ప్రతి వీడియో మీద చూస్తున్నవాడి రోల్ నంబరు పడేలా పెట్టొచ్చు, దానికి నాకేం అభ్యంతరం లేదు. దొంగని పట్టుకోవడానికి అది చాలు, అందరికీ తలుపు మూసెయ్యక్కర్లేదు.

ఎలాగూ తాళం వేసినా వీడియోలు బయటికి పోతూనే ఉన్నాయి. ఎవడో స్క్రీన్ రికార్డు చేసి టెలిగ్రామ్‌లో పెడతాడు. ఆ టెలిగ్రామ్ గ్రూపు లింకు ఎవరికి అందుతుంది? సీనియర్లలో చుట్టాలున్నవాళ్లకి, హాస్టల్లో పలుకుబడి ఉన్న రూములకి. ఫస్టియర్‌లో ఎవరితోనూ మాట్లాడ్డానికి జంకే మన పిల్లకి ఆ లింకు చివర్న వస్తుంది, లేకపోతే రాదు. అంటే తాళం వల్ల లీకు ఆగలేదు, పాఠం మాత్రం పరిచయాల మీద దొరికేదిగా తయారైంది.

ఇక అడగాల్సింది ఏమిటి? అన్నిటికంటే తేలికైనది, ఎవరూ కాదనలేనిది, ఆడియో. లెక్క చూడండి. గంట లెక్చర్ వీడియో మామూలు క్వాలిటీలో 225 ఎంబీ దాకా అవుతుంది. రోజుకి మూడు లెక్చర్లంటే 675 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకులో దాదాపు సగం అక్కడే పోయింది. అదే గంట పాఠం మాట మాత్రమే, 32 కేబీపీఎస్ ఆడియోగా తీస్తే 15 ఎంబీ కూడా అవ్వదు. సెలవులకి ఊరెళ్లి సిగ్నల్ వచ్చే గుట్ట ఎక్కి కూర్చున్నారనుకోండి. అక్కడ వచ్చే స్పీడు 100 కేబీపీఎస్ అనుకుంటే ఆ ఆడియో 20 నిమిషాల్లో దిగుతుంది. వీడియోకి ఐదు గంటలు. గుట్ట మీద ఐదు గంటలు ఎవరు కూర్చుంటారు? అదీ డౌన్‌లోడ్ లేకుండా చూడటమే అయితే సిగ్నల్ తెగిన ప్రతిసారీ మళ్లీ మొదటికి.

ఏడాదికి 400 గంటల లెక్చర్లు అనుకున్నా ఆడియో మొత్తం 6 జీబీ. 8 జీబీ మెమరీ కార్డులో పట్టేస్తుంది, స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, కార్డు పట్టే బటన్ ఫోన్ చాలు. వీడియోలే కావాలంటే 90 జీబీ, ఒక 128 జీబీ పెన్‌డ్రైవ్. కోర్సు మొత్తం వీడియోలు ఒక్క టెరాబైట్ హార్డ్ డిస్కులో పెట్టి కాలేజీ లైబ్రరీలోనో, ఎస్టీ హాస్టల్లోనో ఒక కంప్యూటర్‌కి తగిలించి ఉంచితే నెట్ అవసరమే లేదు. లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టే ఇవ్వొచ్చు. స్టోరేజీ లేదు, ఖర్చు ఎక్కువ అన్న మాటకి ఇది జవాబు.

దాని తరవాత అడగాల్సింది సప్లీ రాసేవాళ్ల లాగిన్. కోర్సు పూర్తయ్యేదాకా, లేదా ఆ సబ్జెక్టు పాసయ్యేదాకా పాత బ్యాచ్ పాఠాలు ఉంచాలి. ఇది ఒక్కటి సాధిస్తే చాలు, నా దృష్టిలో మిగతావన్నీ దీని తరవాతే. సీటు పోయే ప్రమాదంలో ఉన్నవాళ్లు వీళ్లే కాబట్టి.

అడిగేటప్పుడు మనం ఒక్కళ్లమే ఎస్టీ పిల్లల లిస్టుగా వెళ్లొద్దు. "మాకు ప్రత్యేకంగా కావాలి" అంటే వెంటనే "మీకు అన్నీ ప్రత్యేకమే" అనే మాట వస్తుంది, రిజర్వేషన్ మాట దాని వెనకే వస్తుంది, అందరం పడ్డదే. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఏ పిల్లలకైనా, వినికిడి సమస్య ఉన్నవాళ్లకి, జబ్బు చేసినవాళ్లకి ఇదే అవసరం ఉంది. సీఆర్‌తో మాట్లాడి, క్లాసు మొత్తం సంతకాలతో అకడమిక్ సెక్షన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. అది పట్టించుకోకపోతే అప్పుడు ఎస్సీ ఎస్టీ సెల్. ఫీజు బకాయి చూపించి లాగిన్ ఆపేస్తే మాత్రం ఆగొద్దు, నేరుగా ఐటీడీఏ పీవో గారికి అర్జీ పెట్టండి, కాలేజీ ఇచ్చిన మెసేజో, స్క్రీన్‌షాటో జత చేసి.

నోటిమాటగా అడిగితే నోటిమాటగానే "చూద్దాం" అంటారు. "రికార్డింగు ఎవరికి, ఎన్నాళ్లు, ఏ కారణంతో ఆపుతారు?" అన్న ఒక్క ప్రశ్నకి రాతలో జవాబు ఇవ్వమనండి. చాలా కాలేజీల్లో అలాంటి రూలు కాగితం మీద ఉండదు, ఐటీ అతనికి ఎవరో చెప్పారు, అతను సెట్ చేశాడు. కాగితం అడిగితేనే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచిస్తారు.

ప్రశ్న పెట్టిన చెల్లికి: నీ కాలేజీలో మన సీనియర్లు ముగ్గురు ఉన్నారు, ఇన్‌బాక్స్‌లో చెప్తాను. మిగతావాళ్లు కామెంట్లలో మూడు విషయాలు రాయండి, కాలేజీ పేరు రాయక్కర్లేదు. ఏ కోర్సు, రికార్డింగు ఎన్ని రోజులు ఉంచుతున్నారు, సప్లీ రాసేవాళ్లకి తెరుచుకుంటోందా లేదా. 50 కామెంట్లు వస్తే నేను ఒక పట్టిక చేసి ఇక్కడే పెడతాను, అర్జీకి వెనకాల జత చెయ్యడానికి పనికొస్తుంది. అన్న కూడా కామెంట్ పెట్టాలి, ఒప్పుకోకపోయినా పర్లేదు.